.308లో సీసం బుల్లెట్ నుంచి రాగి బుల్లెట్‌కి మారుతున్నాను, లోడ్ ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి?

ఫ్రెస్నో_పొలంగట్టు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. కాలిఫోర్నియాలో వేటకి సీసం బుల్లెట్లు 2019 జూలై 1 నుంచి పూర్తిగా నిషేధం. ఇప్పటిదాకా ఈ రైఫిల్ రేంజిలో కాగితం మీదకే కాబట్టి సీసం కోర్ బుల్లెట్‌తో నడిచిపోయింది. ఇకమీదట అడవిపంది, జింక వేటకి కూడా ఇదే రైఫిల్ కావాలి. అందుకే పూర్తి రాగి బుల్లెట్‌కి మారాలి.

రైఫిల్: రెమింగ్టన్ 700, .308 విన్‌చెస్టర్ (తూటా రకం), 24 అంగుళాల బ్యారెల్, ట్విస్ట్ 1:12 (బ్యారెల్ లోపలి గాడులు 12 అంగుళాలకి ఒక చుట్టు తిరుగుతాయి).

ఇప్పటి లోడ్ (ఇంట్లో చేసుకునే తూటాలో బుల్లెట్, పౌడర్, ప్రైమర్, పొడవుల లెక్క): 165 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే చిన్న బరువు కొలత) సీసం కోర్ బోట్‌టెయిల్, వార్గెట్ పౌడర్ 44.0 గ్రెయిన్లు, సీసీఐ 200 ప్రైమర్ (పౌడర్‌ని అంటించేది), మొత్తం పొడవు 2.800 అంగుళాలు. 100 గజాల దగ్గర అయిదు గుళ్ళ గ్రూపు (కాగితం మీద గుళ్ళు పడిన చోట్ల మధ్య అతి ఎక్కువ దూరం) అంగుళం లోపే వస్తుంది. ఈ లోడ్ మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు.

అడగాల్సినవి ఇవి. ఒకటి, బరువు దాదాపు అంతే కదా అని 168 గ్రెయిన్ల రాగి బుల్లెట్ తీసుకుని, ఇదే 44 గ్రెయిన్లతో మొదలుపెట్టొచ్చా? రెండు, ముందు పౌడర్ తేల్చుకోవాలా, సీటింగ్ లోతు (బుల్లెట్‌ని ఇత్తడి కేసులోకి ఎంత దింపాలన్నది) తేల్చుకోవాలా? మూడు, ఈ బుల్లెట్లు పెట్టెకి 50 మాత్రమే, ధర కూడా ఎక్కువ. ఒక్క పెట్టెలో లోడ్ తేల్చి, కాస్త వేటకి మిగుల్చుకోవడం సాధ్యమేనా?

---

బోల్ట్_హ్యాండిల్

మొదటి ప్రశ్నకి జవాబు: వద్దు. బరువు ఒకటైనంత మాత్రాన బుల్లెట్ ఒకటి కాదు. మీ పాత లోడ్‌లోంచి కొత్తదానికి తెచ్చుకోగలిగేవి కేసులు, ప్రైమర్, పౌడర్ రకం. 44.0 అనే అంకె, 2.800 అనే అంకె రెండూ పాత బుల్లెట్‌వే, అక్కడే వదిలేయండి.

ఎందుకో కొలతల్లో చూద్దాం. సీసం సాంద్రత ఘన సెంటీమీటర్‌కి 11.3 గ్రాములు, రాగిది 8.9. వ్యాసం మారదు, .308 అంగుళమే. కాబట్టి అదే బరువు రావాలంటే రాగి బుల్లెట్ పొడవు పెరగాల్సిందే. మీ సీసం బుల్లెట్ 1.25 అంగుళాలు, రాగిది 1.40 అంగుళాలు అనుకుందాం. కచ్చితమైన అంకె మీ కాలిపర్ చెబుతుంది.

కేసు పొడవు 2.005. మొత్తం పొడవు 2.800 దగ్గరే ఉంచితే, బుల్లెట్ అడుగు కేసు మూతి నుంచి లోపలికి ఎంత దిగుతుంది? బుల్లెట్ పొడవు, కేసు పొడవు కలిపి, అందులోంచి మొత్తం పొడవు తీసేయండి. సీసందానికి 0.455, రాగిదానికి 0.605. .308 కేసు మెడ సుమారు 0.30 అంగుళాలే. అంటే మెడ దాటి పౌడర్ ఉండాల్సిన చోటులోకి సీసం బుల్లెట్ 0.15 దిగితే, రాగిది 0.30 దిగుతోంది. ఆ అదనపు 0.15 అంగుళాల స్తంభం దాదాపు 2.8 గ్రెయిన్ల నీరు పట్టేంత జాగా తినేస్తుంది. .308 కేసు మొత్తం పట్టేదే 56 గ్రెయిన్ల నీరు. ఒక్క దెబ్బకి అయిదు శాతం జాగా పోయింది. పౌడర్ తగ్గించకుండా అయిదు శాతం గది చిన్నది చేస్తే పీడనం ఎటు వెళుతుందో చెప్పక్కర్లేదు.

రెండో కారణం, రాగి గట్టిది. సీసం కోర్ బుల్లెట్ రైఫ్లింగ్‌లోకి (బ్యారెల్ లోపలి మెలి గాడుల్లోకి) దిగేటప్పుడు కాస్త నలిగి దారిస్తుంది. గట్టి రాగి అంత తేలిగ్గా దారివ్వదు. ఇప్పటి రాగి బుల్లెట్ల ఒంటి మీద గాడులు చెక్కి ఉండటం చూసే ఉంటారు. రైఫ్లింగ్ చెక్కిన లోహం పోవడానికి అక్కడ చోటు దొరుకుతుంది, రాపిడి తగ్గుతుంది, పీడనం కొంత దిగుతుంది. గాడులు ఉన్నంత మాత్రాన సీసం డేటా వాడుకోవచ్చని మాత్రం కాదు.

చేయాల్సింది ఇది: ఆ బుల్లెట్ తయారు చేసినవాళ్ళ మాన్యువల్ తెరవండి, లేదంటే పౌడర్ కంపెనీ డేటాలో అదే బుల్లెట్ పేరుతో ఉన్న వరుస చూడండి. అక్కడి ప్రారంభ ఛార్జి (పౌడర్ బరువు) నుంచే మొదలుపెట్టండి. వేరే కంపెనీ రాగి బుల్లెట్ డేటా కూడా పనికిరాదు, గాడుల సంఖ్య, బుల్లెట్ అడుగు ఆకారం వేరుగా ఉంటాయి. ఆ బుల్లెట్‌కి వార్గెట్ డేటా లేకపోతే, డేటా ఉన్న పౌడర్ కొనుక్కోండి. మధ్యలో అంచనా వేయకండి.

---

కాలిపర్_కబుర్లు

పైన చెప్పిందంతా నిజం. కానీ పౌడర్ దాకా వెళ్ళేముందు ట్విస్ట్ సంగతి తేలాలి. 1:12 బ్యారెల్‌లో 168 గ్రెయిన్ల రాగి బుల్లెట్ నిలకడగా తిరుగుతుందా అన్నదే నా అనుమానం. తిరగకపోతే ఏ ఛార్జి పెట్టినా గ్రూపు రాదు, పెట్టె మొత్తం వృథా.

మిల్లర్ సూత్రం (బుల్లెట్ నిలకడని అంకెగా చెప్పే లెక్క) కాగితం మీద వేసి చూడొచ్చు. బుల్లెట్ బరువుని గ్రెయిన్లలో తీసుకుని 30తో గుణించండి. కింద భాగహారంలో నాలుగు ఉంటాయి: క్యాలిబర్లలో ట్విస్ట్ వర్గం, అంగుళాల్లో వ్యాసం ఘనం, క్యాలిబర్లలో బుల్లెట్ పొడవు, ఆ పొడవు వర్గానికి ఒకటి కలిపినది. నాలుగూ గుణించి పైదాన్ని భాగించాలి. క్యాలిబర్లలో అంటే అంగుళాలని .308తో భాగించడమే. 12 అంగుళాల ట్విస్ట్ అంటే 38.96 క్యాలిబర్లు.

168 గ్రెయిన్లు, 1.40 అంగుళాలు, 1:12 అయితే 1.15 వస్తుంది. ఈ సూత్రం సెకనుకు 2800 అడుగుల వేగానికి కట్టింది. మీ వేగం 2650 అయితే ఇంకాస్త దిగి 1.13. అదే బుల్లెట్ 1:10 బ్యారెల్‌లో 1.63. ఒకటి కన్నా తగ్గితే బుల్లెట్ పల్టీలు కొట్టి కాగితానికి అడ్డంగా తగులుతుంది. 1.5 దాటితే నిశ్చింత. మధ్యలో ఉంటే ఎగురుతుంది కానీ వాతావరణం మీద ఆధారపడుతుంది.

150 గ్రెయిన్లది 1.30 అంగుళాలు ఉంటే 1:12లో 1.28. 130 గ్రెయిన్లది 1.18 ఉంటే 1.46, దాని వేగం 3000 దగ్గర ఉంటుంది కాబట్టి 1.5కి చేరుతుంది. ప్లాస్టిక్ ముక్కు ఉన్న బుల్లెట్లకి ఈ సూత్రం అసలు కన్నా కాస్త తక్కువే చూపిస్తుంది, ముక్కు పొడవు పెంచుతుంది కానీ బరువు ఏమంత ఉండదు కాబట్టి. అలా చూసుకున్నా 168 మీ బ్యారెల్‌కి అంచు మీదే ఉంటుంది.

గాలి సాంద్రత కూడా లెక్కలోకి వస్తుంది. సియెర్రా పర్వతాల్లో 6000 అడుగుల ఎత్తున గాలి పల్చన, నిలకడ పెరుగుతుంది. తీరం పక్కన, చలికాలం తెల్లవారుజామున గాలి చిక్కన, తగ్గుతుంది. మధ్యాహ్నం ఎండలో రేంజిలో బాగానే తగిలి, పొద్దున్నే పందుల దగ్గర పక్కకి పోయే లోడ్ ఇలాగే తయారవుతుంది.

కాబట్టి 150 తీసుకోండి. బరువు తగ్గిందని దిగులు అక్కర్లేదు. రాగి బుల్లెట్‌లో సీసంలా ముక్కలై రాలిపోయేది దాదాపు ఉండదు, బరువు చాలావరకు చివరిదాకా నిలుస్తుంది. దానికి కావాల్సింది వేగం. ముక్కు పువ్వులా విచ్చుకోవాలంటే తగిలేటప్పటికి తయారీదారు చెప్పిన కనీస వేగం ఉండి తీరాలి. తేలిక బుల్లెట్ వేగంగా బయల్దేరుతుంది కాబట్టి ఆ కనీస వేగం ఇంకా దూరం దాకా నిలుస్తుంది. సీసంలో "బరువు ఎక్కువైతే మేలు" అన్న అలవాటు రాగికి తెచ్చుకోకూడదు.

ఒక మాట: బ్యారెల్ మీద 1:12 అని ఉన్నా సరే, మీరే కొలవండి. క్లీనింగ్ రాడ్‌కి బిగుతైన ప్యాచ్ (గుడ్డ ముక్క) పెట్టి, రాడ్ మీద గీత గీసి, అది ఒక చుట్టు పూర్తయ్యేలోగా ఎన్ని అంగుళాలు లోపలికి వెళ్ళిందో చూడటమే. రాడ్ హ్యాండిల్ బేరింగ్ మీద తేలిగ్గా తిరగాలి.

---

ఫ్రెస్నో_పొలంగట్టు

చాలా ఉపయోగపడింది అన్నా. రాడ్‌తో కొలిస్తే 12కి కొంచెం తక్కువే వచ్చింది, కాబట్టి 1:12 ఖాయం. 150 గ్రెయిన్ల ప్లాస్టిక్ ముక్కు రాగి బుల్లెట్లు తెచ్చాను, పొడవు పైన చెప్పిన 1.30కి దగ్గరగానే ఉంది. ఆ బుల్లెట్ పేరుతోనే వార్గెట్ డేటా ఉంది, ప్రారంభ ఛార్జికి గరిష్ఠానికి మధ్య 4 గ్రెయిన్ల తేడా. ఇక పౌడరా, సీటింగా, ఏది ముందు?

---

సీటింగ్_డై

నేను సీటింగ్ పక్షం. పౌడర్ ముందు అనేవాళ్ళు ఉన్నారు, సీసం బుల్లెట్లతో అది నడుస్తుంది. రాగి బుల్లెట్లలో మాత్రం గ్రూపుని ఎక్కువగా మార్చేది లాండ్స్ (రైఫ్లింగ్ గాడుల మధ్య గట్లు) దాకా బుల్లెట్ చేసే గెంతు. పౌడర్‌లో 0.1 గ్రెయిన్ తేడాకి .308లో వేగం సెకనుకు సుమారు 5 అడుగులు మారుతుంది. 100 గజాల దగ్గర అది కాగితం మీద కనిపించదు కూడా.

కానీ వీటికన్నా ముందు బ్యారెల్. ఇప్పుడు అందులో పాత బుల్లెట్ జాకెట్ (పై తొడుగు) రాగి పేరుకుని ఉంది. రాగి తీసే సాల్వెంట్ వేసి, సీసా మీద రాసినంతసేపు ఉంచి, ప్యాచ్ నీలం రంగు రావడం ఆగేదాకా తోమండి. ఇత్తడి జ్యాగ్ (రాడ్ చివర ప్యాచ్ పట్టే ముక్క) వాడితే ఆ ఇత్తడే కరిగి ప్యాచ్‌ని నీలం చేస్తుంది, మీరు అనవసరంగా సాయంత్రం దాకా తోముతూ కూర్చుంటారు. ప్లాస్టిక్ లేదా నికెల్ పూత ఉన్న జ్యాగ్ వాడండి. చివర్లో పొడి ప్యాచ్‌తో ఛాంబర్ (తూటా కూర్చునే చోటు) తుడవడం మరవొద్దు. ఛాంబర్‌లో నూనె ఉంటే కాల్చినప్పుడు కేసు గోడలకి పట్టు దొరకదు, ఆ తాకిడంతా బోల్ట్ మీద పడుతుంది.

తర్వాత లాండ్స్ ఎక్కడున్నాయో ఈ బుల్లెట్‌తోనే మళ్ళీ కొలవాలి. పాత బుల్లెట్‌తో కొలిచిన అంకె పనికిరాదు, ఎందుకంటే ముక్కు వంపు వేరు. కంపారేటర్ (ముక్కు వంపు మీద పట్టి కొలిచే పరికరం) ఇన్సర్ట్ బుల్లెట్‌ని పట్టుకునే చోటు, లాండ్స్ తగిలే చోటు ఒకటి కావు. రెండు బుల్లెట్లలో ఆ రెండు చోట్ల మధ్య దూరం వేరు. ఓఏఎల్ గేజ్ (లాండ్స్ దాకా పొడవు కొలిచే సాధనం), దానికి బిగించే మాడిఫైడ్ కేసు ఉంటే బుల్లెట్‌ని వేలితో మెల్లగా నెట్టండి, గట్టిగా తోస్తే లాండ్స్‌లోకి గుచ్చుకుని అంకె పెరిగిపోతుంది. అయిదుసార్లు కొలిచి, ఒకటికొకటి 0.002 లోపు ఉన్నవాటిని తీసుకోండి. కొలత కంపారేటర్‌తో ముక్కు వంపు దగ్గర తీయాలి. ప్లాస్టిక్ ముక్కు చివరి నుంచి తీస్తే ముక్కుల తేడా అంతా కొలతలో కలిసిపోతుంది.

గేజ్ లేకపోతే బోల్ట్‌లోంచి ఫైరింగ్ పిన్, ఎజెక్టర్ (కాల్చిన కేసుని బయటికి నెట్టే ముక్క) తీసేసి, పౌడర్ ప్రైమర్ లేని డమ్మీ రౌండ్ పెట్టి, హ్యాండిల్ తన బరువుకి తానే కిందపడేదాకా బుల్లెట్‌ని 0.002 చొప్పున లోపలికి దింపుకుంటూ పోవచ్చు. నిదానమైన పని, కానీ గేజ్ కన్నా నమ్మకమైనది.

సీటింగ్ డై (బుల్లెట్‌ని కేసులోకి దింపే పరికరం) స్టెమ్, అంటే బుల్లెట్ ముక్కుని నొక్కే కడ్డీ, విప్పి చూడండి. మీ పాత స్టెమ్ మొద్దు ముక్కు బుల్లెట్‌కి చేసిందైతే, ప్లాస్టిక్ ముక్కు లోపలి కప్పుకి తగిలి నలుగుతుంది. ఒక్కో ముక్కు ఒక్కోలా నలిగితే ఒక్కో రౌండ్ ఒక్కో లోతులో కూర్చుంటుంది. ఒక బుల్లెట్‌ని స్టెమ్‌లోకి నొక్కి తిప్పండి. ముక్కు పక్కన వంపు మీద సన్నటి ఉంగరం గుర్తు పడితే మంచిది. గుర్తు పడకుండా ముక్కు చివర చదునైతే, పొడవాటి ముక్కు బుల్లెట్లకి చేసే స్టెమ్ తెప్పించుకోండి. కేసు మూతి లోపలి అంచు కూడా డీబర్ చేసి నున్నగా ఉంచండి. గట్టి రాగి బుల్లెట్ పదునైన అంచుని గీరుకుంటూ దిగితే మెడ బిగుతు ఒక్కో రౌండ్‌కీ మారుతుంది.

గెంతు ఎంత? రాగికి లాండ్స్ నుంచి 0.050 అంగుళాల వెనక నుంచి మొదలుపెట్టడం మామూలు. అంతకన్నా దగ్గరికి వెళ్ళొద్దు, పీడనం పెరుగుతుంది, చాలాసార్లు గ్రూపు కూడా చెడుతుంది. 0.050, 0.075, 0.100, 0.125, ఈ నాలుగు చాలు. 0.005 తేడాలతో ఇరవై లోతులు ప్రయత్నించడం బుల్లెట్లు తగలేయడమే. ప్రతి లోతుకీ రౌండ్ మీ మ్యాగజైన్‌లో సాఫీగా ఎక్కి దిగుతోందో లేదో, మొత్తం పొడవు 2.810 దాటకుండా ఉందో లేదో ముందే చూసుకోండి.

మరో జాగ్రత్త: 0.050 నుంచి 0.125కి దింపితే కేసులో మళ్ళీ 1.4 గ్రెయిన్ల నీరు పట్టే జాగా పోతుంది. అందుకే సీటింగ్ పరీక్ష గరిష్ఠ ఛార్జి దగ్గర చేయకూడదు, దానికి ఒక గ్రెయిన్ కింద చేయాలి.

---

బోల్ట్_హ్యాండిల్

సీటింగ్_డై గారి వరుసకి నేనూ ఒప్పుకుంటాను, ఒక్క మార్పుతో. సీటింగ్ కన్నా ముందు పీడనం మెట్లు ఎక్కి దిగాలి, అంటే ఈ రైఫిల్‌లో పైకప్పు ఎక్కడుందో తెలియాలి. లేకపోతే గరిష్ఠానికి ఒక గ్రెయిన్ కింద అన్నది కూడా పుస్తకంలో మాటే అవుతుంది.

50 బుల్లెట్ల లెక్క ఇలా వేయండి. ఒకటి డమ్మీకి, దాన్ని దాచిపెట్టుకోండి, మళ్ళీ కొలవడానికి అక్కరకొస్తుంది. శుభ్రం చేసిన బ్యారెల్‌ని కొత్త రాగికి అలవాటు చేయడానికి మూడు, ప్రారంభ ఛార్జితో. పీడనం చూడటానికి అర గ్రెయిన్ మెట్టు చొప్పున ఒక్కో రౌండ్, 4 గ్రెయిన్ల తేడాకి తొమ్మిది. సీటింగ్‌కి నాలుగు లోతులు, లోతుకి నాలుగు, పదహారు. తేలిన లోడ్‌ని నిర్ధారించడానికి పది. స్కోప్ జీరోకి (గురి సరిచేయడానికి) మూడు. మొత్తం 42. వేటకి ఎనిమిది మిగులుతాయి. పందికి ఒక్క దెబ్బే కాబట్టి సరిపోతాయి, కానీ రెండో పెట్టె కూడా అదే లాట్ నంబర్‌ది ఇప్పుడే కొనుక్కుంటే తర్వాత మళ్ళీ మొదటికి రాకుండా ఉంటుంది.

మెట్లు ఎక్కేటప్పుడు క్రోనోగ్రాఫ్ (బుల్లెట్ వేగం కొలిచే పరికరం) తప్పనిసరి. పీడనం కొలిచే యంత్రం మన దగ్గర లేదు, వేగమే దానికి దగ్గరి చుట్టం. పుస్తకంలో గరిష్ఠ ఛార్జికి రాసిన వేగం, అదే పొడవు బ్యారెల్‌లో, మీకు ఇంకా తక్కువ ఛార్జిలోనే వచ్చేసిందంటే పుస్తకం గరిష్ఠ పీడనానికి మీరు అప్పుడే చేరినట్టు. అక్కడే ఆపండి. ఊరికే వేగం ఎక్కువ రాదు.

కేసు మీద చూడాల్సినవి: ప్రైమర్ అంచులు చదునై గాడి అంతా నిండిపోవడం, ఫైరింగ్ పిన్ గుంట చుట్టూ గట్టు లేవడం, కేసు అడుగున ఎజెక్టర్ రంధ్రం గుర్తు మెరుస్తూ పడటం, బోల్ట్ ఎత్తడానికి బిగుసుకోవడం. ఇవన్నీ ఆలస్యంగా కనిపించే గుర్తులు. .308కి ఎస్ఏఏఎంఐ (అమెరికా తూటాల ప్రమాణాల సంస్థ) పరిమితి 62,000 పీఎస్ఐ. బోల్ట్ బిగుసుకునేసరికి మీరు ఆ గీత దాటి ఉండే అవకాశమే ఎక్కువ.

---

పది_గుళ్ళు

గ్రూపుల గురించి ఒక్క మాట చెప్పాలి, ఎందుకంటే ఎక్కువ మంది డబ్బు తగలేసేది ఇక్కడే.

నాలుగు గుళ్ళతో లోతులు పోల్చేటప్పుడు 0.9 అంగుళాలకీ 1.1 అంగుళాలకీ తేడా లేదు. అది లోడ్ తేడా కాదు, అదృష్టం. గుళ్ళు రెండు దిక్కుల్లోనూ ఒకే తీరున చెదిరితే, ఆ చెదురుని ఒక ప్రమాణంగా తీసుకున్నప్పుడు మూడు గుళ్ళ గ్రూపు సగటున 2.4 రెట్లు, అయిదు గుళ్ళది 3.07 రెట్లు, పది గుళ్ళది 3.8 రెట్లు ఉంటుంది. అంటే సగటున మూడు గుళ్ళకి ఒక అంగుళం పెట్టే రైఫిల్, అదే లోడ్‌తో అయిదు గుళ్ళకి 1.27, పది గుళ్ళకి దాదాపు 1.6 పెడుతుంది. రైఫిల్ చెడిపోలేదు, లెక్క అంతే.

కాబట్టి సీటింగ్ పరీక్షలో వెతకాల్సింది కొట్టొచ్చినట్టు కనిపించే తేడా. ఒక లోతు 2 అంగుళాలు పెట్టి, ఇంకోటి 0.8 పెడితే అది నమ్మండి. నాలుగూ ఒకేలా ఉంటే మ్యాగజైన్‌కి బాగా నప్పేదాన్ని ఎంచుకుని ముందుకి పోండి. బయటికి పోయిన ఒక గుండుని "నా చెయ్యి కదిలింది" అని లెక్కలోంచి తీసేయకండి. కాల్చకముందే ఆ మాట అని ఉంటే తీసేయొచ్చు, కాగితం చూశాక కాదు.

నాలుగు లోతుల్నీ వరసగా కాల్చకుండా కలిపి కాల్చండి. నాలుగు లక్ష్యాలు పక్కపక్కన పెట్టి, ఒక్కోదానికి ఒక్కోటి, మళ్ళీ మొదటి నుంచి. బ్యారెల్ వేడి, గాలి, కంటి అలసట నాలుగింటికీ సమానంగా పంచబడతాయి. పది గుళ్ళ నిర్ధారణ మాత్రం తాపీగా, బ్యారెల్ చేతికి వేడి తగలనంత విరామంతో. వేట రైఫిల్ కాబట్టి ఆ పదిలో మొదటి రెండు చల్లటి బ్యారెల్‌తో ఎక్కడ తగిలాయో విడిగా గుర్తుపెట్టుకోండి, మీకు అసలు కావాల్సింది అవే.

---

చట్టం_చూపు (మోడరేటర్)

చర్చ బాగుంది. ఇది చదివే మనవాళ్ళలో రకరకాల వీసాల మీద ఉన్నవాళ్ళు ఉంటారు కాబట్టి రెండు విషయాలు. హెచ్-1బీ లాంటి నాన్ ఇమ్మిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్ళు అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోకూడదు. దీనికి ఉన్న మినహాయింపుల్లో ఒకటి, చెల్లుబాటులో ఉన్న రాష్ట్ర వేట లైసెన్సు. అది గడువు తీరితే మినహాయింపూ పోతుంది, ఇంట్లో చేసిన రౌండ్లు కూడా తూటాల కిందికే వస్తాయి. గ్రీన్ కార్డ్ వాళ్ళకి ఈ నిషేధం వర్తించదు. ఎవరికైనా సందేహం ఉంటే ఫోరంలో కాదు, వకీలుని అడగండి.

ఇక ఇండియా నుంచి చదివేవాళ్ళకి: ఆయుధాల చట్టం 1959 ప్రకారం లైసెన్సు లేకుండా తూటాలు తయారు చేయడం నేరం. చేతిలో ఉన్న తుపాకీ లైసెన్సు దానికి సరిపోదు. ఈ చర్చలో చెప్పింది అమెరికాలోని వాళ్ళకే.

కాలిఫోర్నియాలో వేటకి వాడే బుల్లెట్ రాష్ట్ర వన్యప్రాణి శాఖ ధ్రువీకరించిన సీసం లేని జాబితాలో ఉండాలి. ఇంట్లో లోడ్ చేసిన రౌండ్ మీద బ్రాండు తెలియదు కాబట్టి బుల్లెట్ల పెట్టె మూత వెంట ఉంచుకుంటే వార్డెన్ అడిగినప్పుడు చూపించడానికి వీలు. ఈ నిషేధం వచ్చింది చచ్చిన జంతువుల అవశేషాల్లోని సీసం ముక్కలు తిని కాలిఫోర్నియా కొండార్లు (పెద్ద రాబందులు) చనిపోతున్నందుకు. రేంజిలో కాగితం మీదకి ఇది వర్తించదు, మీ 165లు పారేయక్కర్లేదు.

---

ఫ్రెస్నో_పొలంగట్టు

మెట్లు ఎక్కాను. గరిష్ఠానికి ఇంకా ఒక గ్రెయిన్ ఉందనగానే బోల్ట్ కాస్త బిగుసుకుంది. వేగం మాత్రం పుస్తకం గరిష్ఠం కన్నా సెకనుకు 40 అడుగులు తక్కువే. ప్రైమర్ గుండ్రంగానే ఉంది, ఎజెక్టర్ గుర్తు లేదు. అక్కడే ఆపేశాను. ఇది పీడనమేనా?

---

బోల్ట్_హ్యాండిల్

ఆపడం సరైన పని. వేగం తక్కువగా ఉండి బోల్ట్ మాత్రమే బిగుసుకుంటే పీడనం కన్నా ముందు కేసుని అనుమానించాలి. మళ్ళీ కాల్చకుండానే తేల్చే దారి ఉంది.

సైజ్ చేసి (కాల్చిన కేసుని డైతో మళ్ళీ కొలతకి తెచ్చి) ఇంకా లోడ్ చేయని కేసు ఒకటి ఛాంబర్‌లో పెట్టి బోల్ట్ మూయండి. అప్పుడే బిగుతుగా ఉంటే సైజింగ్ డై కేసు భుజాన్ని (మెడ కింది వాలుని) సరిపడా వెనక్కి నెట్టడం లేదు. కాల్చిన కేసు కన్నా భుజం 0.002 అంగుళాలు వెనక్కి వెళ్ళేలా డైని దింపండి. కేసు పొడవు కూడా కొలవండి. 2.015 దాటితే మూతి ఛాంబర్ చివర్లో నొక్కుకుని బుల్లెట్‌ని వదలదు, అప్పుడు నిజంగానే పీడనం పెరుగుతుంది. 2.005కి ట్రిమ్ చేయండి.

ఖాళీ కేసు తేలిగ్గా మూసుకుంటే కేసు బరువు చూడండి. .308 కేసులు కొన్ని బ్రాండ్లవి 155-160 గ్రెయిన్లు తూగితే, కొన్ని 175-180 తూగుతాయి. బయటి కొలత ఒకటే కాబట్టి ఆ అదనపు ఇత్తడి లోపలి జాగానే తింటుంది. పది గ్రెయిన్ల ఇత్తడికి సుమారు 1.2 గ్రెయిన్ల నీరు పట్టే చోటు పోతుంది. మాన్యువల్ ఏ కేసుతో పరీక్షించిందో పేజీ పైన రాసి ఉంటుంది, మీది దానికన్నా బరువైతే మీ గరిష్ఠం పుస్తకం కన్నా కిందే. బ్రాండ్లు కలిసిపోయి ఉంటే ఇప్పుడే వేరు చేయండి.

---

సీటింగ్_డై

ఇంకొకటి కలుపుతాను. ఛాంబర్‌లో సాల్వెంట్ తడి మిగిలినా ఇలాగే బిగుసుకుంటుంది. పొడి ప్యాచ్ మళ్ళీ ఒకసారి తిప్పి చూడండి.

వీటిల్లో ఏ కారణమూ తేలకపోతే, బిగుసుకున్న ఆ ఛార్జినే మీ రైఫిల్ పైకప్పుగా తీసుకుని, దానికి ఒక గ్రెయిన్ కింద సీటింగ్ పరీక్ష చేయండి. అక్కడ మీ వేగం పుస్తకం గరిష్ఠం కన్నా సుమారు 90 అడుగులు తక్కువ ఉంటుంది. 150 గ్రెయిన్ల రాగికి 200 గజాల లోపు పంది మీద అది లోటే కాదు. కారణం దొరికి సరిచేస్తే మాత్రం, పాత మెట్లు కొట్టేసి, బిగుసుకున్నదానికి రెండు మెట్ల కింద నుంచి మళ్ళీ ఎక్కండి.